మిగిలిన తూటాలు ఎక్కడికి పోతాయి?

మన సినిమాల్లో తుపాకీకి రెండు గొప్ప గుణాలుంటాయి. ఒకటి, అందులో తూటాలు అయిపోవు. రెండు, తూటా తగిలినవాడు నిలబడ్డచోట కూలబడడు, గాల్లోకి లేచి వెనకాలున్న సుమో అద్దం పగలగొట్టుకుని మరీ పడతాడు. బడిలో న్యూటన్ మూడో సూత్రం బట్టీ పట్టినవాళ్ళు ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు, తగిలినవాడు అంత ఎగిరితే కాల్చినవాడు కూడా అంతే వేగంగా వెనక్కి ఎగరాలి కదా! హీరోగారు మాత్రం కళ్ళజోడు సర్దుకుంటూ నిలబడే ఉంటాడు :-)

సినిమా వరకైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. నిజంగా తుపాకీ కొనుక్కున్న మనిషి కూడా అదే లెక్కలో మాట్లాడితే నవ్వు రాదు. మా బావ నన్నడిగిన ప్రశ్న ఇది: "తమ్మీ, నువ్వు కంప్యూటర్ల ఉంటవ్ గద, మంచి గుండ్లేవో చూసి చెప్పు. ఒక్కటి దిగితే మళ్ళ లేవొద్దు."

ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మాది ఇబ్రహీంపట్నం. విజయవాడ పక్కనున్నది కాదు, రంగారెడ్డి జిల్లాలో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఉన్నది. కుతుబ్‌షాహీల కాలం నాటి పెద్ద చెరువు మా ఊరికి గుర్తు. చిన్నప్పుడు ఎవరైనా మీ ఊళ్ళో ఏముంది అంటే చెరువుంది అనేవాళ్ళం. ఇప్పుడు అడిగితే ప్లాట్లున్నాయి అంటారు. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది, ఆదిబట్లలో టీసీఎస్ వచ్చింది, టాటా వాళ్ళ విమాన భాగాల ఫ్యాక్టరీలు వచ్చాయి, 2022లో కొంగర కలాన్‌కి కలెక్టరేట్ కూడా వచ్చింది. కంది చేలు, జొన్న చేలు రాళ్ళు పాతుకుని వెంచర్లయ్యాయి. భూమి ధర పెరిగిన చోట తగాదా ధర కూడా పెరుగుతుంది. ఒకే సర్వే నంబరు మీద ముగ్గురు హక్కుదారులు, ఇద్దరు కౌలుదారులు, ఒక కోర్టు స్టే. ఇది మా వైపు మామూలు.

2022 మార్చి 1న ఉదయం మా మండలంలోని కర్ణంగూడ దగ్గర ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారుల్ని కాల్చి చంపారు. కారణం భూమి తగాదా. తుపాకులు బీహార్ నుంచి తెప్పించినవని అప్పట్లో పోలీసులు చెప్పారు. అంతకుముందు మా వైపు తగాదా అంటే కర్రలు, మహా అయితే గొడ్డళ్ళు. ఆ రోజు తర్వాత రియల్ ఎస్టేట్ చేసే ప్రతివాడూ కారెక్కే ముందు అటూ ఇటూ చూడటం నేర్చుకున్నాడు. మా బావకీ రెండు చోట్ల తగాదాలున్నాయి. ఒకసారి ఫోన్లో బెదిరింపు కూడా వచ్చింది. ఆయన ఆ ఏడే లైసెన్సుకి దరఖాస్తు పెట్టాడు. పోలీసు విచారణ, శిక్షణ సర్టిఫికెట్, అన్నీ అయ్యి 2023లో చేతికొచ్చింది. వెంటనే రివాల్వర్ కొన్నాడు. ఆ తర్వాతే ఈ ప్రశ్న.

కాబట్టి ఆయన భయం ఉత్త భయం కాదు. 'నీకెందుకు బావా తుపాకీ' అని నీతులు చెప్పడం తేలిక. బెదిరింపు ఫోను నాకు రాలేదు కదా. అడిగిన ప్రశ్నకి సరిగ్గా జవాబు వెతకడమే మర్యాద అనిపించింది.

వెతికితే మొదట తెలిసిన సంగతి, అమెరికావాళ్ళు వందల రకాల తూటాల మీద చేసే చర్చల్లో తొంభై శాతం మనకి పనికిరావు. మన చట్టంలో తుపాకుల్ని నిషేధిత బోరు, నిషేధం లేని బోరు అని రెండుగా విడగొట్టారు. సైన్యం, పోలీసులు వాడే కొలతలు, అంటే 9 ఎం.ఎం., .303, .455 లాంటివి, మామూలు పౌరుడికి ఇవ్వరు. వాళ్ళ తూటాలు బయటివాళ్ళ తుపాకుల్లో పట్టకూడదన్నది బ్రిటిషువాళ్ళ కాలం నాటి జాగ్రత్త. మనకి మిగిలే చేతి తుపాకీ ఎక్కువగా .32. అందులో కూడా ప్రభుత్వ ఫ్యాక్టరీవే ఎక్కువ. కాన్పూర్ రివాల్వర్లు, 'అశని' పిస్టల్, ఆడవాళ్ళ కోసమని 2014లో తెచ్చిన అరకిలో బరువు 'నిర్భీక్'. తూటాలు పుణె దగ్గర ఖడ్కీ ఫ్యాక్టరీవి, అడుగున కె.ఎఫ్. అని ముద్ర ఉంటుంది. ఎన్ని కొనొచ్చో, ఒకసారికి ఎన్ని దగ్గర పెట్టుకోవచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కుంది, తుపాకీ కొనాలనుకునేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. .32 అనేది ఒకటే అంకె గానీ తూటాలు రెండు. రివాల్వర్‌లో పెట్టేది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. 1896 నాటిది, అడుగున అంచు ఉంటుంది, గుండు ఎక్కువగా ఉత్త సీసం. పిస్టల్లో పెట్టేది .32 ఏసీపీ, దాన్నే 7.65 ఎం.ఎం. అంటారు. 1899 నాటిది, పొట్టిగా ఉంటుంది, గుండుకి రాగి తొడుగు ఉంటుంది. ఒకదాని బదులు ఇంకొకటి వాడకూడదు. అంటే తూటా ఎంపిక కౌంటర్ దగ్గర జరగదు. రివాల్వరా, పిస్టలా అని నిర్ణయించుకున్న రోజే అది అయిపోతుంది. బావ రివాల్వర్ కొన్నాడు కాబట్టి ఆయన ప్రశ్నకి సగం జవాబు ఆయన సంచీలోనే ఉంది.

"అయితే ఇది బలం లేనిదా?" అన్నాడు. అంకెలు చూస్తే 9 ఎం.ఎం. తూటాకి 450-500 జౌళ్ళ శక్తి ఉంటే ఈ .32 రెండింటికీ 150 నుంచి 175 జౌళ్ళ దాకా ఉంటుంది. మూడో వంతు. బావ ముఖం వాడిపోయింది. పోటీల్లో మాత్రం దీనికి మంచి పేరుంది. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో ప్రపంచమంతా ఎక్కువగా వాడేది ఈ .32 లాంగ్ తూటానే. 2006లో దోహా ఏషియన్ గేమ్స్‌లో జస్పాల్ రాణా 590 పాయింట్లతో ప్రపంచ రికార్డుని సమం చేసి బంగారు పతకం గెలిచింది ఆ పోటీలోనే. తూటా మెత్తనిదే, కానీ చెప్పిన చోటికి పోతుంది, మన చెయ్యి వణక్కపోతే.

ఇక "ఒక్కటి దిగితే లేవొద్దు" అనే కోరిక. ఈ కోరిక పాతదే. దీనికి జవాబు కూడా మన దేశంలోనే తయారైంది. 1890ల్లో కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో బెర్టీ-క్లే అనే బ్రిటిష్ అధికారి గుండు కొన మీద తొడుగు తీసేసి, ఒంట్లోకి దిగాక విచ్చుకునేలా చేశాడు. డమ్‌డమ్ బుల్లెట్ అన్న పేరు అక్కడిదే. అది ఎంత ఘోరంగా ఉండేదంటే 1899లో హేగ్ సమావేశంలో యుద్ధాల్లో విచ్చుకునే గుండ్లు వాడకూడదని ప్రకటన చేశారు. తమాషా ఏంటంటే, యుద్ధంలో వద్దన్న ఆ రకం గుండునే ఇప్పుడు చాలా దేశాల పోలీసులు కావాలని వాడతారు. కొన దగ్గర బోలుగా ఉండే గుండు. కారణం క్రూరత్వం కాదు. విచ్చుకున్న గుండు ఒంట్లోనే ఆగిపోయే అవకాశం ఎక్కువ, వెనకున్నవాడికి తగిలే ప్రమాదం తక్కువ. గుండ్రటి సీసపు గుండు విచ్చుకోదు, వేగం తక్కువైనా లోతుగానే పోతుంది, ఒక్కోసారి దాటి కూడా పోతుంది. మన దుకాణంలో దొరికేది ఈ రెండోదే.

ఒక్క తూటాతో మనిషి ఆగిపోతాడన్నది మాత్రం ఏ గుండుకీ హామీ లేదు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్.బి.ఐ. వాళ్ళకీ ఇద్దరు బ్యాంకు దొంగలకీ కాల్పులు జరిగాయి. మొదట్లోనే ఒక దొంగకి 9 ఎం.ఎం. తూటా చేతిలోంచి ఛాతీలోకి దిగి గుండెకి కాస్త దూరంలో ఆగిపోయింది. అది చివరికి ప్రాణం తీసే గాయమే. అయినా అతను ఇంకా కొన్ని నిమిషాలు కాల్చాడు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. అప్పట్నుంచి ఎఫ్.బి.ఐ. తూటాల్ని జెల్లీ దిమ్మల్లోకి కాల్చి పరీక్షిస్తుంది, 12 నుంచి 18 అంగుళాలు దిగాలి అని. ఆ గొడవ తర్వాత పెద్ద తూటాలకి మారారు, మళ్ళీ 2014 తర్వాత 9 ఎం.ఎం.కే వచ్చారు. ఎందుకంటే చేతి తుపాకుల తూటాల్లో గాయం తేడా పెద్దగా లేదు, చిన్న తూటాతో గురి బాగా కుదురుతోంది. వాళ్ళే 1989లో రాసుకున్న ఒక నివేదికలో, గుండె పూర్తిగా దెబ్బతిన్నా మెదడులో ఉన్న ఆక్సిజన్‌తో మనిషి 10-15 సెకన్లు పోరాడగలడని ఉంది. గొడ్డలి ఎత్తినవాడికి 10 సెకన్లు చాలా ఎక్కువ సమయం.

ఇదంతా చెప్తే బావ అన్న మాట: "అయితే ఆరుకు ఆరు కాలుస్త."

సరిగ్గా ఇక్కడే అసలు లెక్క మొదలవుతుంది. నేను ఈ విషయం మీద రాయడానికి కారణం కూడా ఇదే.

న్యూయార్క్ పోలీసుల మీద రాండ్ సంస్థ 2008లో ఒక నివేదిక ఇచ్చింది. 1998 నుంచి 2006 దాకా జరిగిన ఎదురుకాల్పుల్లో వాళ్ళు పేల్చిన తూటాల్లో తగలాల్సిన మనిషికి తగిలినవి సగటున 18 శాతం. అవతలివాడు తిరిగి కాల్చనప్పుడు కూడా 30 శాతమే. వీళ్ళు జీతం తీసుకుని శిక్షణ పొందే పోలీసులు. 18 శాతం అంటే ఆరు తూటాల్లో ఒకటి. మిగిలిన ఐదు? అవి గాల్లో మాయమైపోవు. ఎక్కడో ఒకచోట ఆగుతాయి.

ఇప్పుడు ఆ ఐదు తూటాల్ని తెచ్చి మా ఊరి చౌరస్తాలో పెట్టండి. పొద్దున ఎనిమిదిన్నర. మా చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు బోలెడు, వాటి బస్సులన్నీ సాగర్ రోడ్డు మీదే. టీకొట్టు, మిర్చి బజ్జీల బండి, కూరగాయల గంపలు, స్కూలు ఆటోలో ఇరుక్కుని కూచున్న పిల్లలు. వెంచర్లో అయితే వాచ్‌మన్ ఉండేది రేకుల షెడ్డు. రేకు తూటాని ఆపదు. ఇక ఇంట్లో అంటారా, తలుపుకి అవతల ఎవరున్నారో తెలియకుండా తలుపు మీద కాల్చడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. మా అక్క ఈ మాటలన్నీ వింటూ ఒకటే అంది, "రాత్రిపూట పిల్లలు నీళ్ళకు లేస్తరు, యాదుంచుకో."

చట్టం ఏమంటుందో కూడా చూశాను. ఆత్మరక్షణ హక్కు పాత ఐపీసీలో 96 నుంచి 106 సెక్షన్ల దాకా ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉంది. ప్రాణం మీదకొస్తే చంపే దాకా వెళ్ళే హక్కు ఉంది. కానీ 37వ సెక్షన్ రెండు కట్లు వేస్తుంది: పోలీసుల దగ్గరికి వెళ్ళే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు, అవసరానికి మించి హాని చెయ్యకూడదు. ఆశ్చర్యం కలిగించేది 44వ సెక్షన్. ప్రాణాపాయం ఉన్నప్పుడు అమాయకుడికి ప్రమాదం లేకుండా తనని తాను కాపాడుకోలేని పరిస్థితి ఉంటే, ఆ ప్రమాదానికి తెగించే హక్కు కూడా ఉందంటుంది. ఉదాహరణ కూడా ఇచ్చారు, పిల్లలు కలిసిపోయి ఉన్న గుంపు చంపడానికి మీదకొస్తుంటే కాల్చడం గురించి.

బావకి ఈ సెక్షన్ తెగ నచ్చింది. "చూసినవా, చట్టమే చెప్పింది" అన్నాడు. నిజమే, అలాంటి పరిస్థితిలో చట్టం వదిలెయ్యొచ్చు. కానీ చట్టం వదిలేసినంత మాత్రాన ఊరు వదుల్తుందా? ఆటోలో పిల్లకి తగిలిన తూటా ఎవరిదో లైసెన్సులో నంబరుతో సహా రాసి ఉంటుంది. ఆ పిల్ల తల్లి రోజూ అదే రోడ్డు మీద కనబడుతుంది. కోర్టు ఆ లెక్క చూడదు, మనిషి చూసుకోవాలి.

మాటలతో పని కాదని నగరంలో ఒక షూటింగ్ రేంజ్‌కి వెళ్ళాం. పది మీటర్ల దూరంలో మనిషి ఛాతీ సైజు కాగితం. బావ ఊపిరి బిగపట్టి నింపాదిగా ఆరు కాల్చాడు. నాలుగు తగిలాయి. ముఖంలో వెలుగు! అప్పుడు శిక్షకుడు, మాజీ సైనికుడు, "ఇరవై గుంజీళ్ళు తియ్యండి సార్" అన్నాడు. బావ బరువు తొంభై దాటింది. గుంజీళ్ళయ్యాక రొప్పుతుండగానే ఐదు సెకన్లలో ఆరూ కాల్చమన్నాడు. రెండు తగిలాయి. శిక్షకుడు వెనకున్న మట్టికట్ట వైపు చూపించి, "మిగతా నాలుగు అక్కడున్నయి. బయట ఈ మట్టికట్ట ఉండదు సార్" అన్నాడు. బావ ఏమీ మాట్లాడలేదు. గుంజీళ్ళే అలా చేస్తే ప్రాణభయం ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు కదా.

దూరం సంగతి కూడా చెప్పాడు. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1983లో లెక్క వేసి రాశాడట, కత్తి పట్టుకున్నవాడు 21 అడుగులు పరిగెత్తి రావడానికి ఒకటిన్నర సెకను చాలు అని. చొక్కా కింద నడుముకున్న తుపాకీ తీసి గురి పెట్టడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. కారు డాష్‌బోర్డులో పెడితే అసలు అందదు. పొంచి ఉండి కాల్చేవాడి ముందు లోపల ఏ రకం తూటా ఉందన్నది ఎంత చిన్న ప్రశ్నో అప్పుడు అర్థమవుతుంది.

ఇంకో సంగతి. 2023లో కొన్న కొద్ది నెలలకే శాసనసభ ఎన్నికలొచ్చాయి, తుపాకీ తీసుకెళ్ళి స్టేషన్లో అప్పగించాడు. మళ్ళీ 2024 మేలో లోక్‌సభ ఎన్నికలకీ అంతే. ఊళ్ళో వేడి ఎక్కువగా ఉండే రోజుల్లో ఆయన చేతిలో ఉన్నది రసీదు కాగితం. అయినా బతికాడు. ఎలాగంటే ఆ రోజుల్లో ఒక్కడే పొద్దున్నే వెంచర్‌కి వెళ్ళలేదు, రోజూ ఒకే టైముకి ఒకే దారిలో వెళ్ళలేదు, గేటు దగ్గర కెమెరా పెట్టించాడు. తుపాకీ లేనప్పుడు తీసుకున్న జాగ్రత్తలు తుపాకీ తిరిగొచ్చాక మానేశాడు! దీన్నేమనాలి? మేము సాఫ్ట్‌వేర్‌లో రోజూ చూసేదే. బ్యాకప్ ఉందని తెలిసినవాడు డిలీట్ బటన్ మీద చెయ్యి తేలిగ్గా వేస్తాడు.

చివరికి నేను బావకి ఇచ్చిన జవాబు ఇది. తూటా: నీ రివాల్వర్ కోసం చేసిన .32 లాంగ్, ఫ్యాక్టరీది, కొత్తది. కాలం చెల్లిన పాత పెట్టెలు, ఎవరో మళ్ళీ నింపి ఇచ్చినవి వద్దు. బలం కోసం మందు ఎక్కువ దట్టించి ఇస్తామనేవాళ్ళ దగ్గరికి అసలే పోవద్దు, రివాల్వర్ పగిలేది నీ చేతిలో. కోటా ఎంతుంటే అందులో సగం పైన రేంజ్‌లోనే ఖర్చు పెట్టు, బీరువాలో దాచిన తూటా గురి నేర్పదు. ఇంట్లో తాళం వేసి ఉంచు, తాళంచెవి పిల్లలకి తెలియని చోట. తియ్యాల్సి వస్తే ఎదుటివాడి కన్నా ముందు ఎదుటివాడి వెనక ఏముందో చూడు. అక్కడ మనుషులుంటే పరిగెత్తు, పరిగెత్తితే పరువేం పోదు. అన్నిటికంటే ముందు ఆ రెండు తగాదా భూముల కాగితాలు తేల్చుకో. ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా, కోర్టు మెట్లెక్కడానికి విసుగొచ్చినా, కాగితం తేలిన భూమి మీద తుపాకీ పట్టుకొచ్చేవాడు తక్కువ.

బావ రెండిట్లో ఒక తగాదా రాజీకి తెచ్చాడు. మూడు గుంటలు వదులుకున్నాడు. ఆ మూడు గుంటల ధరకి ఎన్ని రివాల్వర్లొస్తాయో ఆయనే లెక్క చెప్పి బాధపడ్డాడు. అక్క మాత్రం చాలా చవకలో పోయిందంది. రెండోది ఇంకా కోర్టులో ఉంది, తుపాకీ ఇంకా ఆయన దగ్గరే ఉంది. అమ్మెయ్యమని నేను అనలేదు. కోర్టు తేల్చే లోపల ఆయనకేదైనా అయితే ఆ మాట మొయ్యగల ధైర్యం నాకు లేదు.

మా ఇబ్రహీంపట్నం దగ్గరే ఆక్టోపస్ కమాండోల శిక్షణ కేంద్రం ఉంది. తుపాకీ పట్టడమే ఉద్యోగమైనవాళ్ళు కూడా రోజూ సాధన చేస్తారు. నెలకోసారి కూడా పేల్చని మనం మాత్రం 'మంచి గుండు' దొరికితే చాలనుకుంటాం. మంచి గుండు అంటే ఏంటో నాకిప్పటికి తెలిసినంతవరకు, తగలాల్సిన చోట తగిలి అక్కడే ఆగేది. అందులో మొదటి సగం చేతి సాధన మీద, రెండో సగం వెనకాల ఏముందో చూసే కంటి మీద ఆధారపడతాయి. పెట్టె మీద రాసిన దాంట్లో ఉండేది చాలా కొంచెం.

మీ ఇళ్ళల్లో, చుట్టాల్లో ఎవరైనా లైసెన్సుకి దరఖాస్తు పెట్టే ఆలోచనలో ఉంటే వాళ్ళని ఒక్కటి అడిగి చూడండి: ఆరు కాలిస్తే ఒకటి తగుల్తుంది సరే, మిగిలిన ఐదూ పోయే వైపు మీ ఊళ్ళో ఎవరుంటారు?